శిష్యుని చేతి టేపు: పుట్టుపూర్వోత్తరములు

ఆచార్యుడు బోధించునప్పుడు బల్లపై సెల్‌ఫోను నిలిపి, ఆయన మాటలను ఆమూలాగ్రము ముద్రించుకొనిపోవు విద్యార్థిని జూచి, ఇది నేటి కాలపు సోమరితనమని గొణుగు పెద్దలు కలరు. ఆ గొణుగుడునకు ఆరున్నర శతాబ్దములకు మించిన వయస్సున్నది. 1355 డిసెంబరులో పారిస్ విశ్వవిద్యాలయపు కళాశాఖవారొక శాసనము గావించిరి: శిష్యులు వ్రాసికొనుటకు వీలుగా అధ్యాపకుడు నిదానముగా చెప్పి వ్రాయింపరాదు, వినువాని బుద్ధి అందుకొనగలిగి, కలము అందుకొనలేనంత వడిగా బోధింపవలెను. ఈ నియమమును ప్రతిఘటించి, స్వయముగాగాని సేవకులచేతగాని కేకలు వేయించువారికిని రాళ్లు రువ్వించువారికిని శిక్షలుకూడ అందే విధింపబడినవి. శాసనకర్తలు రాళ్లమాట నెత్తవలసివచ్చెనన్నచో, వ్రాసికొనుటయందు ఆనాటి విద్యార్థుల పట్టుదల యెట్టిదో ఊహింపవచ్చును. మన కళాశాలలలో 'నోట్సు చెప్పుట' నిరాటంకముగా సాగుచున్న తీరును ఆ పారిస్ పెద్దలు చూడకపోవుట వారి అదృష్టము.

వ్రాయనీయని పెద్దలు పోయిరి. వ్రాసికొన్నవారి ప్రతులు మిగిలినవి. జెనీవాలో 1907 మొదలు 1911 వరకు సొస్యూర్ భాషాశాస్త్రముపై మూడు పర్యాయములు పాఠములు చెప్పెనుగాని గ్రంథము వ్రాయలేదు. 1913లో ఆయన గతించిన పిమ్మట, ఆ తరగతులలో స్వయముగా కూర్చుండి యెరుగని బాయీ, సెషెయే యను నిరువురు సహోద్యోగులు శిష్యుల నోటు పుస్తకములను సేకరించి, కూర్చి, 1916లో ప్రకటించిన గ్రంథమే ఇరువదవ శతాబ్ది భాషాశాస్త్రమునకు మూలస్తంభమైనది. తత్త్వవేత్త హెగెల్ సౌందర్యశాస్త్రోపన్యాసములు లోకమునకు దక్కుటయు, ఆయన మరణానంతరము, ప్రధానముగా ఈ విధముననే.

అయితే శిష్యుడు వ్రాసికొన్నది ఎవరి సొత్తు? ఈ ప్రశ్న లండన్ న్యాయస్థానమున తేలినది. 1823లో థామస్ వాక్లీ స్థాపించిన 'లాన్సెట్' పత్రిక, సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో శస్త్రవైద్యుడగు జాన్ అబర్నెతీ ఉపన్యాసములను ఆయన అనుమతి లేకయే అచ్చువేయజొచ్చెను. అబర్నెతీ దావా వేయగా, లార్డ్ ఎల్డన్ 1825లో ఆ ప్రచురణను నిలిపివేసెను. ఆ తీర్పులోని సూక్ష్మము మిక్కిలి మెచ్చదగినది: శిష్యుడు తన జ్ఞానార్జనకై, శక్తియున్నచో సంకేతలిపిలో ఉపన్యాసమునంతయు అక్షరము విడువక వ్రాసికొనవచ్చును, లాభాపేక్షతో ప్రకటించుటకుమాత్రము వానికి అధికారము లేదు. అటుపిమ్మట 1887లో గ్లాస్గో ఆచార్యుడగు ఎడ్వర్డ్ కేర్డ్ పాఠములను ఒక పుస్తకవిక్రేత అచ్చువేసినప్పుడును ప్రభువుల సభ ఆచార్యుని పక్షముననే నిలిచెను. టేపు పుట్టకమునుపే టేపునకు ధర్మము నిర్ణయింపబడెనని నాకు తోచును.

యంత్రము ఆలస్యముగా వచ్చినది. డెన్మార్క్ దేశీయుడు పౌల్సెన్ 1898లోనే ఉక్కుతీగపై అయస్కాంతశక్తితో శబ్దమును నిలిపెను. జర్మనీలో 1935 నాటికి ప్లాస్టిక్ టేపుతో నడచు యంత్రము ప్రదర్శనకు వచ్చెను. కాని ఆ తొలి యంత్రములు విద్యార్థి చేతిసంచిలో ఇమిడెడివి కావు. 1963లో ఫిలిప్స్ సంస్థవారు బెర్లిన్ ప్రదర్శనలో కేసెట్టును లోకమునకు చూపిన పిమ్మట కథ మారినది. అరచేతిలో ఇముడు ఆ పెట్టె క్రమముగా సామాన్య విద్యార్థికిని అందుబాటులోనికి వచ్చినది.

దీని వైభవమును చూడదలచినవారు పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌నే తలచుకొనవలెను. అచ్చట నమోదు లేదు, పరీక్ష లేదు, పట్టము లేదు. ఎవరైనను వచ్చి వినవచ్చును. 1970 డిసెంబరులో ప్రారంభోపన్యాసముతో తత్త్వవేత్త మిషెల్ ఫూకో అచ్చట ఆచార్యపదవి నలంకరించినది మొదలు, బుధవారములందు ఆయన ప్రసంగించు సభాభవనము క్రిక్కిరిసిపోవుచుండెను. మూడువందలమందికి చాలు చోట ఐదువందలమంది చేరుచుండిరని ఒక పాత్రికేయుడు 1975లో వ్రాసెను. బల్లపై కేసెట్టు యంత్రములు గుమిగూడియుండగా, ఆచార్యుడు తన కాగితములు పెట్టుకొనుటకై వానిని ప్రక్కకు జరుపుకొనవలసివచ్చెడిది. జనమును తగ్గింపనెంచి 1976లో ఉపన్యాసవేళను సాయంకాలమునుండి ఉదయమునకు మార్చెను. అభిమానులు తెల్లవారకమునుపే లేవనేర్చినవారని ఆయన లెక్కింపలేదు గాబోలు.

1984 జూన్‌లో ఫూకో మరణించెను. మరణానంతర ప్రచురణలు వలదని ఆయన కోరియుండెను. ఐనను, శ్రోతలు పట్టిన టేపుల ప్రతులు చేతులు మారుచునేయుండెను. తుదకు వారసుల అనుమతితో 1997 నుండి ఆ ఉపన్యాసములు గ్రంథములై వెలువడి, 2015లో సంపూర్ణమైనవి. టేపున వినరాని చోట్లను సంపాదకులు చుక్కలతో సూచించిరి. తొలి రెండు సంవత్సరముల పాఠములకు ధ్వనిముద్రణము దొరకనందున, ఆయన వ్రాతప్రతులే శరణ్యమైనవి. ఆచార్యుడు పలికిన వాక్యమునకును ముందుగా వ్రాసికొన్న వాక్యమునకును గల దూరమును ఆ రెండు సంవత్సరముల సంపుటములు చదివినవారు చప్పున గుర్తింతురు. సభను చూచి ఆయన అప్పటికప్పుడు కల్పించిన ఉదాహరణలు, సందేహించి వెనుదిరిగిన తావులు వ్రాతప్రతిలో ఉండవు.

వ్రాసికొనువాడు వినుచునే యెంచును. టేపు ఎంచదు, అంతయు పట్టును. అందుచే, చెవి వినుచుండగా చేయి వ్రాయుటయందలి శ్రమను యంత్రమునకు అప్పగించి నిద్రించువానికి టేపు వలన కలుగు మేలు లేదు. తిరిగి విని వ్రాసికొనువానికిమాత్రము రెండు పనిముట్లును దొరకినట్లే. ఎల్డన్ ప్రభువు పెట్టిన హద్దు నేటికిని చాలును: స్వాధ్యయనమునకై పట్టుకొనుడు, అమ్ముకొనకుడు. ఆచార్యునికి చెప్పి పట్టుకొనుట మరియొక మర్యాద.

టేపుపైనున్న అయస్కాంతపు పూత కాలక్రమమున చెడును. దానిని నడపు యంత్రములును అరుదగుచున్నవి. పాఠకులారా, మీ యింటి పెట్టెలో మీ గురువుల పాఠములు పట్టిన పాత కేసెట్టులున్నచో, వానిని నకలు తీయించి, ఆ గురువుల లేక వారి కుటుంబీకుల అనుమతితో ఒక ప్రతిని మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు అప్పగింపుడు.