గట్టు మీది గాయపాకు

జడ్చర్ల చుట్టుపక్కల వరి కోస్తుంటే కొడవలి వేలికి తగిలిందా, పెద్దల చూపు గట్టు మీదికే పోయేది. గడ్డిచామంతి ఆకులు నాలుగు తెంపి, అరచేతిలో నలిపి, పసరు గాయం మీద పిండేవారు. పిప్పి పైన పెట్టి పేలిక చుట్టేవారు. భగ్గున మండేది, నెత్తురు ఆగేది. నల్లారం, గాయపాకు అన్నా ఆ మొక్కే.

ఆ మొక్క పుట్టిల్లు మాత్రం ఇక్కడ కాదు, మెక్సికో, మధ్య అమెరికా. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరు పెట్టాడు. నెత్తురు ఆపడానికి నాలుగు మార్గాలు చెప్పిన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు దాన్ని చూసి ఉండడు. వగరు మందులతో అంచులు కలపడం, చల్లదనంతో గడ్డకట్టించడం, బూడిదతో ఆరబెట్టడం, చివరికి కాల్చడం, ఇవీ ఆయన మార్గాలు. సముద్రం దాటొచ్చిన ఈ కలుపుమొక్క గుణాన్ని ఇక్కడ గుర్తించింది మన చెలకల్లో పనిచేసినవాళ్లే. నాటువైద్యం వేల ఏళ్లుగా కదలకుండా ఉందనడం వాళ్ల తెలివిని తక్కువ చేయడమే.

కంచెకు నాటే అడవి ఆముదమూ అమెరికా నుంచి వచ్చిందే. కొమ్మ విరిస్తే కారే పాలను తెగిన చోట పూస్తారు. చిక్కటి పాలు నెత్తురును త్వరగా గడ్డకట్టిస్తాయనీ, బాగా పలుచన చేస్తే గడ్డకట్టడం ఆలస్యమవుతుందనీ నైజీరియా పరిశోధకులు 2003లో ప్రచురించారు. పాలను కారినట్టే పూయడంలో అర్థముంది.

పసుపుతో గాయం మాన్పడంపై 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ దక్కింది. మన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం చూపించి పోరాడితే 1997లో రద్దయింది. పసుపుకు రాతలో సాక్ష్యం దొరికింది. గాయపాకు వాడకం ఎక్కువగా నోటిమాటగానే వచ్చింది, ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

జడ్చర్లలో బూర్గుల రామకృష్ణారావు పేరిట ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెరుగుతోంది. పిల్లల్ని తీసుకెళ్లి మొక్కలు చూపించండి. ఇంట్లో అవ్వను అడిగి ఏ ఆకు దేనికో రాయించండి. గాయం లోతైతే మాత్రం ఆకు కోసం వెతక్కండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతానికి టీకా ఉంది, పసరు మందు లేదు.