పాటకు పీట, పాటకునికి అరుగు

కథ వినుటకు ముందువరుసను గూర్చుండి, కథ ముగిసిన పిదప కథకునికి వీధియరుగుమీద విస్తరి వేయించు సంఘము మనది. ఈ యలవాటు మా బాపులపాటి మామిడితోటల నడుమను లేకపోలేదు. అందుచేతనే షేక్ నాజరు జీవితమును పాఠకులకు జ్ఞాపకము సేయదలచితిమి.

నాజరు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లున నిరుపేద దూదేకుల కుటుంబమున జన్మించెను. బాల్యముననే సంగీతము నభ్యసించి, నాటకములాడి, పిదప ప్రజానాట్యమండలిలో బుర్రకథాదళమునకు నాయకుడయ్యెను.

బుర్రకథ యంతకుముందు జంగముల భిక్షావృత్తితో ముడివడిన కళ. కథకుడు నడుమ నిలిచి, తంబుర భుజమున నానించి, చేతి యందెలు మ్రోగించుచు గథ నడుపును. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయింతురు. ఒకడు హాస్యము పలుకును. రెండవవాడు రాజకీయము పలుకును. ఈ రెండవ వంత మూలముననే పాతకథ నేటి లోకమునకు దగులును. అక్షరము రాని వానికి నిది వార్తాపత్రిక వంటిది. 1943వ సంవత్సరపు బెంగాలు కరవును నాజరు కథగా జెప్పి, యెన్నడు చూడని వంగదేశపు టాకలిని తెలుగు పల్లెలకు దెలిపెను. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' చిత్రమున నాయన చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ సినిమాశాలలకు నెక్కెను.

ఆయన కథలలో 'పల్నాటియుద్ధము' మిక్కిలి ప్రసిద్ధము. అందలి బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపమీద గూర్చుండబెట్టి చాపకూడు పెట్టినవాడని ప్రతీతి. 12వ శతాబ్దమునాటి యా పంక్తిభోజనమును 20వ శతాబ్దమున నొక దూదేకులబిడ్డ గొంతెత్తి చాటవలసివచ్చెను. విన్నవారు చప్పట్లు చరచిరి. ఆ చాపను దమ యింట బరచినవా రెందరు?

అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థము చేసిన నాజరు ఆత్మకథకు 'పింజారి' యని పేరు. లోకము చులకనగా బలికిన మాటనే తలకట్టుగా ధరించిన యా ధైర్యమును మేము కొనియాడుచున్నాము. 1986లో ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నొసగెను. 1997లో నాయన కన్నుమూసెను.

బిరుదిచ్చుట సులభము; పంక్తి నిచ్చుట కష్టము. మామిడికాపు దిగి తోటలు తెరపియైన వేళ మన యూళ్ల గథ పెట్టించువారు, కథకుని దమ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని భుజింతురు గాక. నాజరునకు మనము చెల్లింపవలసిన ఋణ మంతకంటె వేరు లేదు.