మియాపూర్ వానకు లెక్క దొరికిన సాయంత్రం

2024 మే 7, మంగళవారం. పోలింగ్‌కు ఇంకా ఆరు రోజులు. పగలంతా మాడ్చిన ఎండ సాయంత్రానికి ఉన్నట్టుండి మాయమైంది. మొగులు కమ్మింది, గాలిదుమారం లేచింది, ఉరుముల వెనకే వాన దంచికొట్టింది. ఆ రోజు హైదరాబాద్‌లో అన్నిచోట్ల కన్నా ఎక్కువ వాన పడింది మియాపూర్‌లో: 13.3 సెంటీమీటర్లు. మే నెల మొత్తానికి నగరంలో మామూలుగా పడేది అందులో సగం కూడా ఉండదు. పక్కనే బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ ప్రహరీ కూలీల షెడ్లపై విరిగిపడి ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. వాళ్లలో నాలుగేళ్ల పసివాడూ ఉన్నాడు.

ఇదే వాన ముప్పై నలభై ఏళ్ల కింద పడి ఉంటే? మియాపూర్ అప్పుడు బొంబాయి రోడ్డు పక్కన ఓ ఊరు. హైదరాబాద్ వాన అంటే బేగంపేట వాన. అక్కడి వాతావరణ కేంద్రంలో పొద్దున ఎనిమిదిన్నరకు చూసిన కొలతే నగరమంతటి కొలత. మియాపూర్‌లో చెరువు అలుగు పారినా బేగంపేటలో చినుకు పడకపోతే, రికార్డులో అది వాన లేని రోజే.

మన నగర వరదల చరిత్ర మూసీ చుట్టూ అల్లుకుంది. 1908 సెప్టెంబర్ 28 వరదలో పదిహేను వేల మంది పోయారని అంచనా. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలు తీస్తే, శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజుల్లో 18.9 అంగుళాలు కురిసినట్టు తేలింది. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఆ లెక్కల మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. అది వాయుగుండం వాన. వందల మైళ్లు పరుచుకుని రెండు రోజులు కురిసింది కాబట్టి ఏదో ఒక కొలపాత్రలో పడక తప్పలేదు. 2020 అక్టోబర్‌లో నగరాన్ని ముంచిన వాన కూడా కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం పుణ్యమే.

మే నెల మేఘం ఆ జాతిది కాదు. దక్కన్ రాతినేల కాలి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి కలిసి, పేపర్లలో రోజూ చదివే ఆ ‘ద్రోణి’ కూడా తోడైతే, మేఘం అర్ధగంటలో పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు ఎదుగుతుంది. ఇక పైకి పోలేక, తల పక్కలకు పరుచుకుని కమ్మరి దాగలిలా అవుతుంది. లోపల మంచు పలుకులు, చిన్న వడగళ్లు రాసుకుని విద్యుదావేశం పుడుతుంది. 2014 డిసెంబర్ 1న ఊటీ మీద నిలిచిన ఒక మేఘాన్ని అక్కడి గ్రేప్స్-3 ప్రయోగశాల పరిశోధకులు మ్యూఆన్ కణాల సాయంతో కొలిస్తే, అందులో 130 కోట్ల వోల్టులు తేలాయి.

అమెరికాలో 1946, 47లలో విమానాలను ఇలాంటి మేఘాల్లోకే పంపి చూశారు. ఒక్కో మేఘకణం ఆయుష్షు గంట అటూఇటూ అని తేలింది. వాన మొదలవగానే దాంతోపాటు చల్లగాలి కిందికి దూకుతుంది, మేఘాన్ని పోషించే, పైకి లేచే గాలిని అదే తెంచేస్తుంది. వానకు ముందు మన మొహానికి కొట్టే ఆ చల్లటి దుమారం మేఘం చావుకబురే అన్నమాట.

ఈ కిందికి దూకే గాలి ఎంత ప్రమాదమో తెలుగువాళ్లకు ఒక్కసారిగా తెలిసింది 2009 సెప్టెంబర్ 2న. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. విచారణలో ఈ మేఘాల ప్రస్తావన వచ్చాక ‘క్యుములోనింబస్’ అనే లాటిన్ మాట టీ కొట్టు దాకా చేరింది. ఇప్పుడు గట్టి వాన పడితే చాలు, మన టీవీలు అదే పేరు పెట్టేస్తున్నాయి. ముసురు వానక్కూడా! అది మాత్రం తప్పు.

ఈ మేఘం గట్టిగా కురిసే జాగా కొన్ని కిలోమీటర్లే. అందుకే మియాపూర్‌లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచిన గంటలోనే ఎల్బీనగర్‌లో దుమ్ము లేస్తుంటుంది. ఒక్క కొలపాత్రకు ఇది చిక్కదు. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు పెట్టాకే మియాపూర్, కూకట్‌పల్లి, గాజులరామారం వంటి పేర్లు వాన పట్టికలోకి ఎక్కాయి. నగరంలో వానలు ముదిరాయని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ పాత రోజుల్లో ఇక్కడ ఎంత కురిసిందో రాసిపెట్టినవాళ్లే లేనప్పుడు పోల్చేది దేనితో? తెలిసిన మార్పు నేల మీదిది. 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు రోజుల తరబడి మునిగి ఉన్నాయంటే, నీళ్లకు పాత దారి దొరకలేదని అర్థం.

ఊరి వైపు ఇదే మేఘం కల్లాల్లో ఆరబోసిన వడ్లను తడిపి, మామిడికాయను రాల్చి పోతుంది. ఐటీ కారిడార్‌లో దాని దెబ్బ గడియారం మీద పడుతుంది. నేల బాగా కాగి మేఘం ముదిరేదీ, ఆఫీసులు వదిలేదీ ఒకే వేళ. 2023 జులై ముసురులో సైబరాబాద్ పోలీసులు కంపెనీలను మధ్యాహ్నం మూడు గంటల నుంచి విడతలవారీగా ఉద్యోగులను పంపమన్నారు. ముసురుకు అది కుదిరింది, ముందురోజే తెలుస్తుంది కాబట్టి. మే మేఘానికి వాతావరణ శాఖ ఇవ్వగలిగే కచ్చితమైన హెచ్చరిక రెండు మూడు గంటల ముందుదే. రాయదుర్గంలో లాగౌట్ అయి మియాపూర్ చేరేసరికి అందులో ఒక గంట ట్రాఫిక్‌కే పోతుంది.