గద్దె: మన మాటలో మన చరిత్ర

రాజు కూర్చునే చోటుకు తెలుగులో చాలా పేర్లున్నాయి. సింహాసనం సంస్కృతం నుంచి వచ్చింది. సింహపు గుర్తున్న ఆసనమని అర్థం. తఖ్తు పారసీ మాట. మన పల్లెల్లో నిలిచిన మాట మాత్రం గద్దె.

హిందీలో గద్దీ, మరాఠీలో గాదీ అంటే మెత్త, పరుపు అని అర్థం. పరుపు మీద కూర్చుని ఏలేవాడి వల్ల ఆ మాటకు అధికారపీఠం అనే అర్థం కూడా వచ్చింది. కన్నడంలో గద్దుగె అంటే సింహాసనమే కాదు, మహనీయుల సమాధి పీఠం కూడా. ఏలిన చోటు, కొలిచిన చోటు ఒకే మాటలో కలిశాయన్నమాట. మన గద్దె కూడా ఈ కుటుంబంలోనిదే.

గద్దెను గడితో కలపకూడదు. గడి అంటే కోట, దొర ఉండే ఎత్తైన గోడల ఇల్లు. దాని వాకిట్లో జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. గద్దె దగ్గరికి జనం తామే నడిచి వెళ్తారు.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజుల జాతర జరుగుతుంది. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. విగ్రహం లేదు, కిరీటం లేదు. తెచ్చేది మన కోయ పూజారులే. భక్తులు బెల్లాన్ని బంగారమని పిలిచి, తమ ఎత్తు తూచి సమర్పిస్తారు. నాలుగో రోజు తల్లులు వనప్రవేశం చేస్తారు.

ఇక్కడే మనం ఆలోచించాలి. రాజకీయాల్లో గద్దెనెక్కడం అంటే అధికారం చేజిక్కించుకోవడం, గద్దె దిగడం అంటే ఓడిపోవడం. మేడారంలో అలా కాదు. కాకతీయుల కప్పానికి తల వంచక పోరాడిన తల్లి గద్దెకు వస్తుంది, నాలుగో రోజు తానే అడవికి వెళ్తుంది. అది ఓటమి కాదు, మళ్లీ వస్తానన్న మాట.

ఆదివాసులకు రాజ్యం లేదు, చరిత్ర లేదు అన్నవాళ్లకు మన జవాబు ఈ గద్దెలే. రాతి శాసనం లేకపోయినా తరతరాలుగా మన పెద్దలు ఆ చోటును మరువలేదు. అందుకే మేము కోరేది ఒక్కటే: ఆ చోటును పీఠమనో, సింహాసనమనో మార్చి రాయకండి. పిల్లలకు గద్దె అనే నేర్పండి. మాట పోతే, దాని వెనుకున్న కథ కూడా పోతుంది.

జై సమ్మక్క! జై సారలమ్మ!