ఆల్కాలా సిరా గీత

ఆల్ఫ్రెడో ఆల్కాలా 1925 ఆగస్టు 23న ఫిలిప్పీన్స్‌లోని నెగ్రోస్ ద్వీపంలో, టాలిసాయ్‌లో పుట్టాడు. బొమ్మల పిచ్చిలో బడి మధ్యలోనే మానేశాడు. కొన్నాళ్లు సైన్‌బోర్డులు రాశాడు. తర్వాత ఇనుప పని చేసే కొట్టులో చేరి దీపాలకూ, షాండ్లియర్లకూ, ఒక చర్చి ప్రసంగవేదికకూ నమూనాలు గీసి ఇచ్చాడు. జపాన్ సేనలు దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో ఆ చెయ్యి ఇంకో పనికీ వచ్చింది. ఫిరంగులు పెట్టిన చోట్ల మీదుగా సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడు. కంటితో చూసిందంతా గుర్తుపెట్టుకుని, తర్వాత కాగితం మీద గీసి అమెరికన్లకు చేరవేసేవాడు.

యుద్ధం ముగిశాక మనీలాలో బొమ్మల కథల పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిని అక్కడ 'కొమిక్స్' అంటారు. 1948లో 'బిటుయిన్ కొమిక్స్'తో ఆల్కాలా ఈ రంగంలోకి అడుగుపెట్టాడు. కొద్దికాలానికే ఏస్ పబ్లికేషన్స్‌కు మారాడు. సహాయకులను పెట్టుకునే అలవాటు అతనికి లేదు. పెన్సిలూ సిరా అక్షరాలూ అన్నీ తనే. మాటిమాటికీ కుంచెను సిరాబుడ్డిలో ముంచడం దండగనుకున్నాడో ఏమో, ఫౌంటెన్ పెన్నునూ కుంచెనూ కలిపి సొంతంగా ఒక పనిముట్టు తయారుచేసుకున్నాడు. చెయ్యి ఆగకుండా గీత సాగడమే దాని ప్రయోజనం.

1963లో వచ్చిన 'వోల్టార్' అతనికి పేరు తెచ్చింది. కత్తి పట్టిన యోధుడి కథ అది. అలాంటి యోధుడే అయిన కోనన్‌ను అమెరికాలో మార్వెల్ సంస్థ తన కామిక్స్‌లోకి తెచ్చింది 1970లో, అంటే ఏడేళ్ల తర్వాత. వోల్టార్ పుటను దగ్గరగా చూస్తే నీడ నల్లటి ముద్దలా ఉండదు. వెంట్రుకవాసి గీతలు పక్కపక్కనే పేరుకుని, కండరం వంపు తిరిగిన చోట తామూ వంపు తిరుగుతాయి. పాత చెక్క అచ్చుల పనితనం గుర్తొస్తుంది. బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ బ్రాంగ్విన్ అంటే ఆల్కాలాకు ఉన్న అభిమానం అక్కడ తెలుస్తుంది.

ఫిలిప్పీన్స్ చిత్రకారుల్లో అమెరికా తలుపు మొదట తట్టినవాడు టోనీ డిజునీగా. ఆ తర్వాత 1971లో అమెరికన్ కామిక్స్ సంస్థ డీసీ సంపాదకులు కార్మైన్ ఇన్ఫాంటినో, జో ఒర్లాండో చిత్రకారులను వెతుక్కుంటూ మనీలా వచ్చారు. ఆల్కాలా, నెస్టర్ రెడోండో, అలెక్స్ నినో వంటివాళ్ల బొమ్మలు అలా అమెరికన్ పుటలకెక్కాయి. 1976లో ఆల్కాలా అమెరికా వెళ్లి స్థిరపడ్డాడు.

అమెరికాలో పద్ధతి వేరు. పెన్సిల్ బొమ్మ ఒకరు వేస్తే, దానిమీద సిరా ఇంకొకరు దిద్దుతారు. 'సావేజ్ సోర్డ్ ఆఫ్ కోనన్'లో జాన్ బుసేమా పెన్సిల్ మీద ఆల్కాలా సిరా నడిచింది. రాళ్లకు గరుకుతనం, చెట్లకు తొర్రలు, గుడ్డకు మడతలు వచ్చిపడ్డాయి. పాఠకులు మురిసిపోయారు కానీ, తన గీత మరుగున పడిపోయిందని బుసేమా నొచ్చుకున్నాడు. ఆయన బాధ అబద్ధం కాదు: ఆ పుటల్లో ముందుగా కనబడేది ఆల్కాలానే.

ఆ తర్వాత 'స్వాంప్ థింగ్'కూ, బ్యాట్‌మన్ కథలకూ సిరా దిద్దాడు. దినపత్రికల్లో వచ్చిన 'స్టార్ వార్స్' స్ట్రిప్‌కు కొంతకాలం బొమ్మలు వేశాడు. 'వోల్టార్'ను వారెన్ సంస్థ పత్రిక 'ది రూక్' కోసం మళ్లీ గీశాడు. 2000 ఏప్రిల్ 8న దక్షిణ కాలిఫోర్నియాలో కన్నుమూశాడు.