కార్బురేటర్ మీది అంకెలు

అమెరికన్ మజిల్ కార్ల వరసలో 1964 పోంటియాక్ జీటీఓను మొదటిదిగా చెప్పుకోవడం రివాజు. దాని 389 ఘనపు అంగుళాల ఇంజన్ మీద మామూలుగా ఒకే ఒక కార్టర్ ఏఎఫ్‌బీ ఫోర్-బ్యారెల్ కార్బురేటర్ ఉండేది. అదనంగా డబ్బు కట్టినవారికి మూడు రోచెస్టర్ టూ-బ్యారెల్ కార్బురేటర్లు వరసగా బిగించి ఇచ్చేవారు; దాని పేరు ట్రై-పవర్. 1967 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్, కార్వెట్ లాంటి ఒకటి రెండింటిని మినహాయించి, ఈ పద్ధతిని మాన్పించింది. కాబట్టి 1967 జీటీఓ మీద ట్రై-పవర్ కనిపిస్తే, అది ఎంత తళతళలాడుతున్నా ఫ్యాక్టరీలో ఎక్కించింది కాదు. కార్బురేటర్ ఫ్యాక్టరీదా కాదా తేల్చడానికి ఇంతవరకు అంకెలతో పనే లేదు.

అసలు చిక్కు ఒకే రకం కార్బురేటర్ల మధ్య. 1969 కమారో జెడ్/28 మీది హోలీ కార్బురేటర్‌ను చూస్తే, చోక్ పలక ఉండే పైభాగం మీద జనరల్ మోటార్స్ పార్టు నంబరు 3923289, దాని కింద హోలీ సొంత లిస్ట్ నంబరు 4053, ఆ కింద మూడక్షరాల తేదీ ఉంటాయి. 923 అంటే 1969, ఫిబ్రవరి, మూడో వారం. అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఏ, డిసెంబరుకు బి వేసేవారు. రోచెస్టర్ క్వాడ్రాజెట్‌లో లెక్క వేరు: 7029తో మొదలైతే 1969 మోడల్, తేదీలో మొదటి మూడంకెలు ఏడాదిలో ఎన్నో రోజో, చివరిది ఏ సంవత్సరమో చెబుతాయి. 1968 నుంచి ఈ నంబరును బాడీ పోత మీదే నిలువుగా కొట్టారు. అంతకుముందు గుండ్రటి లోహపు బిళ్ల మీద ఉండేది. కార్టర్ ఏఎఫ్‌బీ మీదైతే నంబరు స్క్రూ కింద బిగించిన చిన్న రేకు ముక్క మీద ఉండేది; అది తరచు మొదటి రిపేరులోనే ఊడిపోయేది. ఊడేది మరో కార్బురేటర్ మీదికి ఎక్కగలదు కనుక, రేకు మీది సాక్ష్యానికి విలువ తక్కువే.

ఈ ముద్రలన్నీ స్పేర్ పార్టుల కౌంటరు కోసం పడినవి. ఆ కార్లు పాతబడి ధర పెరిగాకే అవి రుజువులయ్యాయి. ఆ వెంటే పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టే పనీ మొదలైంది. అందుకే పరీక్షించేవారు అంకెల వంకర, లోతు, చుట్టూ ఉన్న లోహపు గరుకు చూశాకే తేదీకి వెళతారు. కార్బురేటర్ తయారైన తేదీ కారు అసెంబ్లీకి కొన్ని వారాలు ముందుండాలి. తర్వాతిదైతే, పార్టు నంబరు అచ్చంగా సరిపోయినా అది తర్వాతెప్పుడో మార్చినదే.