ఆపత్కాలమున ఔత్సాహికుల వాణి

1977 నవంబరు 19వ తేదీన కృష్ణవేణి సముద్రమున కలియుచోట నున్న దివిసీమపై, తాటిచెట్టంత యెత్తున లేచినదని బ్రతికి బయటపడినవారు చెప్పుకొన్న ఉప్పెన విరుచుకొనిపడి గ్రామములకు గ్రామములను ఊడ్చికొని పోయినపుడు, సర్కారు లెక్కల ప్రకారమే సుమారు పదివేల ప్రాణములు నీటిపాలైన ఆ ఘోరము యొక్క నిజస్వరూపము బయటి లోకమునకు పూర్తిగా తెలియుటకు దినములు పట్టెను. తంతి స్తంభములు నేలకొరగెను. టెలిఫోను తీగలు తెగెను. కూలిన చెట్లతోను నిలిచిన నీటితోను బాటలు మూసికొనిపోయెను. కన్నులార చూచినవాడు నీళ్లలో నడిచివచ్చి నోటితో చెప్పినగాని ఏ యూరు మిగిలినదో ఏ యూరు పోయినదో అధికారులకు ఎరుకపడని ఆ నడుమ కాలములో, త్రాగుటకు మంచినీరు లేకయు, గాయమునకు కట్టు కట్టువారు లేకయు ఎందరు కన్నుమూసిరో ఏ లెక్కకును ఎక్కలేదు.

తీగపై ఆధారపడిన వ్యవస్థ తీగతోడనే తెగిపోవును; నేటి సెల్‌ఫోను టవరు కరెంటుతోడనే పోవును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిననాడు, చేతిలో ఫోనుండియు అయినవారి క్షేమము తెలియక అల్లాడినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి వేళ తీగయు టవరును లేకుండనే, ఒక బ్యాటరీయు, చేతిపెట్టెయంత యంత్రమును, కొన్ని గజముల రాగితీగయు నుండినచో వందల మైళ్ల దూరమునకు, ఒక్కొకప్పుడు వేల మైళ్ల దూరమునకు మాట పంపగలవారు కొందరు మన నడుమ కలరు. ప్రభుత్వము పెట్టు పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సును, తమకే చెందిన గుర్తింపుపేరగు కాల్‌సైనును పొంది, సొంత ఖర్చుతో యంత్రములు సమకూర్చుకొని, ప్రతిఫలము గైకొనరాదను నియమమునకు కట్టుబడి ఆకాశమార్గమున సంభాషించు వీరిని లోకము హామ్‌లని పిలుచును. వీరి చరిత్రలో నా మనస్సు నాకట్టుకొన్న విషయ మొకటి కలదు. ప్రభుత్వములు వీరిని మొదట అనుమానించెను, కట్టడి చేసెను, యుద్ధము వచ్చినపుడెల్ల నోరు మూయించెను. విపత్తు వచ్చినపుడు మాత్రము వీరి గొంతునే నమ్ముకొనెను. వీరి పని ఎన్నడో ముందు నడిచిపోగా, దానిని అంగీకరించు చట్టము చాల కాలమునకు వెనుకనుండి వచ్చి కలిసికొనెను.

ఈ అనుమానమునకు బలము చేకూర్చినది టైటానిక్ దుర్ఘటన. 1912 ఏప్రిల్ మాసమున ఆ మహానౌక మునిగినపుడు, ఓడ క్షేమముగనే యున్నదనియు, హాలిఫాక్స్ రేవునకు దానిని లాగికొని వచ్చుచున్నారనియు ఒక అసత్యవార్త పత్రికల కెక్కగా, ఆకాశమున ఔత్సాహికులు చేయు గందరగోళమే దీనికి మూలమని నింద బయలుదేరెను. ఆ యేటనే అమెరికా ప్రభుత్వము చేసిన శాసనము వారికి లైసెన్సును తప్పనిసరి చేసి, 200 మీటర్లకు మించిన తరంగములపై వారి కెట్టి హక్కును లేకుండ చేసెను. అంతకన్న పొట్టి తరంగములు దూరము పోజాలవనియు, అవి ఎందుకును కొరగావనియు ఆనాటి నిపుణుల అభిప్రాయము. అయినను ఏడాది తిరుగక మునుపే, 1913 మార్చిలో ఒహాయో, ఇండియానా రాష్ట్రములను వరదలు ముంచెత్తి తీగలు తెగిపోయినపుడు, మిచిగన్, ఒహాయో విశ్వవిద్యాలయముల నిస్తంత్రి కేంద్రములును, ఇండ్లలో సొంతముగ యంత్రములు కట్టుకొన్న ఔత్సాహికులును కలిసి ముంపు ప్రాంతముల వార్తలను వెలుపలికి చేరవేసిరి. మరుసటి సంవత్సరమున హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను ఇంజనీరు వారిని ఒక సంఘముగ కూర్చెను. ఒకరి మాటను మరియొకరు అందుకొని ముందునకు సాగించుటయే ఆ సంఘము యొక్క ఉద్దేశము. 1917లో అమెరికా యుద్ధమున దిగగానే వారందరి యంత్రములును మూగవోయెను. యుద్ధానంతరము మరల లేచిన ఆ ఔత్సాహికులే, 1923 నవంబరులో, పనికిరావని తమకు విడిచిపెట్టిన ఆ పొట్టి తరంగముల మీదనే, సుమారు 110 మీటర్లపై, ఫ్రాన్సు దేశపు నీస్ నగరముతో అట్లాంటిక్ మహాసముద్రము మీదుగ ఇరుప్రక్కల సంభాషణ జరిపి, నిపుణుల అభిప్రాయమును తలక్రిందులు చేసిరి.

మన దేశమున ఈ విద్యకు తొలి లైసెన్సు పొందినవారు కలకత్తాకు చెందిన అమరేంద్రచంద్ర గుప్తు, ముకుల్ బోస్ అనువారు. అది 1921వ సంవత్సరము. మూడేండ్లకు, ఆంధ్రజిల్లాలన్నియు ఇంకను మద్రాసు రాజధానిలోనే యున్న కాలమున, సి. వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో వెలసిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జూలై 31న ప్రసారము లారంభించి, ధనాభావముచే మూడేండ్లకే మూతపడెను. ఆకాశవాణి పుట్టుకకు చాల మునుపే దక్షిణదేశమున గాలిలో పాట వినిపించినవారు ఔత్సాహికులే యనుట మనము మరువదగినది కాదు. 1939లో రెండవ ప్రపంచయుద్ధము రాగానే తెల్ల ప్రభుత్వము వీరి లైసెన్సులను రద్దు చేసి యంత్రముల నప్పగింపుమని ఆజ్ఞాపించెను. ప్రభుత్వపు భయము నిరాధారము కాదని దేశభక్తులు నిరూపించిరి కూడ: 1942 క్విట్ ఇండియా ఉద్యమమున బొంబాయిలో ఉషా మెహతా ప్రభృతులు రహస్యముగ నడిపిన కాంగ్రెసు రేడియోకు ట్రాన్స్‌మీటరు నిర్మించి యిచ్చినది నారిమన్ ప్రింటర్ అను ఔత్సాహికుడే. స్వాతంత్ర్యానంతరము 1948లో మౌ పట్టణమున సైనిక సిగ్నల్స్ వారి చెంత ఔత్సాహికుల సంఘ మేర్పడి పిమ్మట ఢిల్లీకి తరలెను. అయినను విదేశీ యంత్రముపై దిగుమతి సుంకము భారముగ నుండుటచే, పాత సైనిక సామగ్రి అమ్ము అంగళ్లలో దొరకినదానిని తెచ్చి, విప్పి, మరల అతికి, తమ యంత్రమును తామే నిర్మించుకొనవలసిన దశ చాల కాలము సాగెను. స్వయముగ హామ్ అయిన రాజీవ్ గాంధీ 1984లో ఆ సుంకమును తొలగించెను. యంత్రమును లోపలి తీగవరకు ఎరిగియుండుట ఆ కష్టకాలము నేర్పిన విద్య. చెడిన పరికరమును కూలిన ఇంటి ముందర కూర్చుండి బాగుచేయవలసి వచ్చినపుడు ఆ విద్యయే అక్కరకు వచ్చును.

విపత్స్థలమున వీరి పని ఎట్లు సాగునో కొంచెము దగ్గరగ చూతము. 7 మెగాహెర్ట్‌జుల బ్యాండుపై పలుకవలెనన్న దాదాపు 20 మీటర్ల రాగితీగ కావలెను. దానిని నడిమికి కోసి, ఆ రెండు కొసలను కేబులుకు కలిపి, వెలుపలి కొసలకు నైలాను త్రాడు కట్టి, మిగిలిన రెండు కొబ్బరిచెట్ల నడుమ దండెమువలె సాగదీసినచో యాంటెన్నా సిద్ధమగును. లారీనుండి తీసిన 12 వోల్టుల బ్యాటరీ యంత్రమును నడపును. తరంగము పైకేగి, భూమికి సుమారు వంద కిలోమీటర్లు మొదలుకొని పై నెత్తుల వ్యాపించియున్న అయనావరణమున వంగి మరల నేలకు దిగివచ్చును గావున, నడుమ కొండలున్నను వరద యున్నను దానికి అడ్డు లేదు. పగటివేళ ఈ బ్యాండు చుట్టుప్రక్కల కొన్నివందల కిలోమీటర్లను కప్పును. అంతకన్న దూరమునకు 14 మెగాహెర్ట్‌జుల బ్యాండును ఆశ్రయింతురు.

యంత్రము కన్న గొప్పది వారి వాక్సంయమము. పలువురు ఒకే తరంగముపై చేరినపుడు ఒకరు నెట్ కంట్రోలుగ కూర్చుందురు. ఆయన పిలిచినగాని మరియొకరు నోరు మెదపరాదు. అత్యవసరమైన వార్త కలవాడు ఆ ఒక్క మాట చెప్పి ఊరకుండును; నెట్ కంట్రోలు తక్కినవారి నాపి అతనికి దారి యిచ్చును. ప్రతి వార్తకును సంఖ్య, వేళ, పంపినవారు, అందవలసినవారు అని వ్రాసికొందురు. విన్నవాడు దానిని తిరిగి చదివి వినిపించినగాని అందినట్లు కాదు. పేరు వచ్చినపుడు అక్షరమక్షరమును విడదీయుదురు. రామయ్య బ్రతికియున్నాడను వార్త పోవలెనన్న, రోమియో, ఆల్ఫా, మైక్, ఆల్ఫా, యాంకీ, యాంకీ, ఆల్ఫా అని నిదానముగ పలుకవలసినదే. తొందరలో ఒక్క అక్షరము జారినను వేరొక యింట ఏడుపు పుట్టును. హోరులోనుండి సన్నని గొంతును ఏరుకొను చెవియు, క్లుప్తముగ పలుకు నాలుకయు ఉపద్రవము వచ్చిననాడు అప్పటికప్పుడు అలవడునవి కావు. ఏండ్ల తరబడి రాత్రులయందు పనిలేని పనిగ, ఎవరో ఎరుగని దూరదేశీయుని పలుకరించి, సంభాషణ జరిగినదని ధ్రువపరచు క్యూఎస్ఎల్ కార్డును అతనితో మార్చుకొని సంతోషించు కాలక్షేపముననే వానికి పదును పట్టును. ఇంటివారు విసిగికొన్న ఆ కాలక్షేపమునకు నేను మనసార నమస్కరించుచున్నాను.

మన హైదరాబాదు ఈ కథలో ప్రవేశించుట 1983లో. ఆ యేట ఎస్. సూరి గారి కృషితో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ, పాఠములు చెప్పి, పరీక్షలకు తరిఫీదు ఇచ్చి, ఎందరినో ఈ మార్గమున ప్రవేశపెట్టెను. 1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరమును పెనుతుపాను తాకి జగత్సింగ్‌పూర్ ప్రాంతము కకావికలైనపుడును, 2001 జనవరి 26న గణతంత్రదినపు ఉదయమున భుజ్ నగరము నేలమట్టమైనపుడును, దేశములోని పలుచోట్లనుండి హామ్‌లు యంత్రములు మోసికొని బయలుదేరిరి. ఇవి యన్నియు విపత్తు జరిగిన పిమ్మట వెళ్లిన యాత్రలు. విపత్తు వచ్చునప్పటికే అక్కడ హామ్ ఉండుట యన్నది మాత్రము అండమానులో జరిగెను. దానిని కొంత విస్తరించి చెప్పవలెను.

అండమాన్ నికోబార్ దీవులు దేశరక్షణ దృష్ట్యా కట్టుదిట్టములలో నుండు ప్రదేశము. 1987 తరువాత ఆ దీవులనుండి ఔత్సాహికుల స్వరము వినబడి యుండలేదు. వీయూ4 అను అక్షరములతో మొదలగు ఆ కాల్‌సైనును ఒక్కసారి వినవలెనని ప్రపంచము నలుమూలల హామ్‌లు ఏండ్ల తరబడి ఎదురుచూచుచుండిరి. హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు చాలకాలము చేసిన ప్రయత్నము ఫలించి అనుమతి లభింపగా, 2004 డిసెంబరు మొదటివారమున ఆమె బృందము పోర్టుబ్లెయిరు చేరి, ఒక హోటలులో యంత్రముల నమర్చి, వీయూ4 ఆర్‌బీఐ అను పేరుతో లోకమును పలుకరించుట కారంభించెను. ఇది పూర్తిగ సరదాకై చేసిన పని. పుణ్యమును గాని సేవను గాని ఉద్దేశించినది కాదు.

డిసెంబరు 26వ తేదీ ఆదివారము ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమాత్రా చెంత సముద్రగర్భమున 9.1 తీవ్రతతో భూమి కంపించెను. ఆ వేళ యంత్రము ముందరనే యున్న భారతీ ప్రసాద్ గారు, భూమి అదురుచున్నదని గాలిలో ఒక మాట చెప్పి బయటికి పరుగిడిరి. తరువాత వచ్చిన సునామీ నికోబార్ దీవులలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టెను. కార్ నికోబార్‌లోని వైమానికదళ స్థావరమే ధ్వంసమయ్యెను. దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగ క్రుంగిపోయెను. టెలిఫోన్లు మూగవోయిన ఆ దినములలో ఆమె మరల యంత్రము నమర్చుకొని, 14 మెగాహెర్ట్‌జుల బ్యాండుపై ప్రధానభూమిని పిలువగా, నిన్నటివరకు ఒక్క కార్డుకై పోటీపడిన హామ్‌లు ఆ తరంగమును ఆమెకు విడిచి మౌనము వహించిరి. పిమ్మట పోర్టుబ్లెయిరు డిప్యూటీ కమిషనరు కార్యాలయమున కేంద్రమును నిలిపిరి. బృందములోనివారు కార్ నికోబారు చేరి అక్కడ మరియొకదానిని నెలకొల్పిరి. అందుండి వచ్చిన వార్తలలో అధికారుల అవసరములును ఉండెను, సామాన్యుల క్షేమసమాచారములును ఉండెను. ఫలానావారు బ్రతికియున్నారను మాటను ప్రధానభూమిలోని హామ్ వ్రాసికొని, వారి బంధువులకు ఫోను చేసి చెప్పుచుండెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి తరతరములుగ వలసపోయిన తెలుగు కుటుంబములు ఆ దీవులలో వేలకొలది కలవు గావున, ఆ వార్తలకై చెవి నిక్కించి కూర్చున్న ఇండ్లలో మన ఇండ్లును ఉండెననుటకు సందేహింప పనిలేదు. అదే ఉదయము మన కోస్తాలోను నూరుమందికి పైగ జనులు ఆ కెరటములకు బలియైరి.

చట్టము ఎంత ఆలస్యముగ నడిచినదో ఇచట చెప్పుట సముచితము. ఔత్సాహికులు మూడవ వ్యక్తి వార్తను మోయరాదనుట సామాన్య నియమము. అది ప్రభుత్వముల తంతి గుత్తాధిపత్యమును కాపాడుటకై ఏర్పడినది. 1913లో ఒహాయోలో జరిగిన పనికి అంతర్జాతీయ ఒడంబడికలో చోటు దొరకుట 1979 జెనీవా సమావేశ తీర్మానమునందే. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరము భూకంపమున కూలి, విదేశములతో టెలిఫోను సంబంధము తెగినపుడు, ఆ దేశపు క్షేమసమాచారములను హామ్‌లు మోసిరి. 2003లో మాత్రమే ప్రపంచ రేడియో సమావేశము, విపత్తునందు ఇతరుల వార్తను దేశము దాటించు హక్కును స్పష్టముగ వ్రాసి, అందుకు హామ్‌లను ముందుగనే సన్నద్ధులను చేయుడని ప్రభుత్వములను కోరెను. విపత్తువేళ రేడియో పరికరములు సరిహద్దు దాటుటకు అడ్డంకులు తొలగించు టాంపెరె ఒడంబడిక 1998లో వ్రాయబడి, సునామీ వచ్చిన రెండు వారములకు, 2005 జనవరి 8న అమలులోనికి వచ్చెను.

మన ప్రభుత్వపు వైఖరియు మారెను. పదిహేడేండ్లు మూసియుంచిన అండమానులలో 2006 ఏప్రిల్ మాసమున హామ్‌ల సమ్మేళనము జరుగగా, పలు దేశములవారు తమ యంత్రములతో సహా పోర్టుబ్లెయిరు వచ్చి ప్రసారము చేసిరి. 2007 జనవరి నాటికి, అంతే కట్టుదిట్టముగ నుంచిన లక్షదీవులనుండియు వీయూ7 అను పిలుపు వినవచ్చెను.